చదివిన మాటకు లోబడిన సంఘం: హెబ్రోను నుంచి సైబరాబాద్ వరకు

హైదరాబాదు నగరంలో ముషీరాబాదు ప్రాంతాన, గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర ఉన్న హెబ్రోను ప్రార్థనా మందిరం ఇరవయ్యో శతాబ్దపు భారతీయ క్రైస్తవ ఉజ్జీవానికి ముఖ్య కేంద్రాలలో ఒకటి. ఉజ్జీవం అంటే చల్లారిన విశ్వాసం మళ్ళీ రగులుకోవడం, పేరుకు మాత్రమే క్రైస్తవులుగా మిగిలినవారు మనసారా దేవుని వైపు తిరగడం. ఆ కేంద్రానికి ఆయువుపట్టుగా నిలిచిన సహోదరుడు భక్త్ సింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో ప్రభునందు నిద్రించారు. 2025తో దానికి 25 ఏళ్లు నిండాయి. ఆయన మరణానికి రెండేళ్ళ ముందు, 1998 నవంబరు 22న, ఇదే నగరపు పడమటి దిక్కున మాదాపూర్‌లో ఐటీ కార్యాలయాల భవనమైన సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ విధంగా, వ్యవస్థాపకుడు లేకుండా హెబ్రోను గడిపిన పావు శతాబ్దమే, రాళ్ళగుట్టల మధ్య హైటెక్ సిటీ ఎదిగి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాకా వ్యాపించిన పావు శతాబ్దం కూడా అయింది.

ఇటువంటి పాతికేళ్ళ మైలురాయి దగ్గర సంస్థ చరిత్రను తలచుకోవడంతో పాటు, ఆ సంస్థను నిలబెట్టిన బలం ఏమిటో, అది కొత్త తరానికి ఎలా అందుతుందో విచారించడం అవసరం. ఈ చరిత్ర ఇచ్చే జవాబు స్పష్టంగానే ఉంది: ఆశ ఉడిగిన మనిషిలో నిరీక్షణ లేఖనం చదవడంతో మొదలవుతుంది, చదివిన మాటకు లోబడినప్పుడు స్థిరపడుతుంది. ఇక్కడ నిరీక్షణ అనేది, మాట ఇచ్చిన దేవుడు నమ్మదగినవాడు గనుక ఆ మాట నెరవేరుతుందని ధైర్యంగా ఎదురుచూడడం.

తెలుగువారి చేతికి లేఖనం

లోబడడానికి ముందు ఆ మాట మనిషికి తన భాషలో వినిపించాలి. తెలుగులో ఆ పని పద్దెనిమిదో శతాబ్దంలోనే మొదలైంది. మద్రాసులో పనిచేసిన జర్మన్ లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి అనువదించినా ఆ ప్రతి అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్‌లు, ఆనందరాయరు అనే పండితుని సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోగా, వారి శ్రమఫలమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి వెలువడ్డాయి. పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలానికి సంపూర్ణ బైబిలు తెలుగులో లభ్యమైంది. అనువాదకులు తమ పని ఫలితాన్ని కళ్ళారా చూడకుండానే వెళ్ళిపోయినా, వారు విత్తినది తర్వాతి తరాలవారి ఇళ్ళలో పండింది.

ఒంగోలు నేర్పిన పాఠం

లేఖనానికి లోబడడం అంటే ఏమిటో తెలుగునేల మీద మొదట గట్టిగా పరీక్షకు వచ్చిన చోటు ఒంగోలు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా పనిచేసినా చాలాకాలం ఫలితాలు అంతంతమాత్రంగానే ఉండడంతో, ఆ మిషన్‌ను ఎత్తివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. ఆ స్థితిలో 1854 జనవరి 1న ఆ మిషన్‌కు చెందిన లైమన్ జువెట్ మరికొందరితో కలిసి ఒంగోలులోని కొండ మీద తెల్లవారుజామున ప్రార్థించారు. ఆ కొండ నేటికీ ప్రార్థన కొండగానే ప్రసిద్ధం. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో అదే మిషన్‌కు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడ్డారు.

క్లౌ దగ్గరికి మొదట అగ్రవర్ణాల విద్యార్థులు చదువు కోసం వచ్చారు. అదే కాలంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి సాక్ష్యం వల్ల ఆయన కులస్థులు అనేకులు బాప్తిస్మం కోరి రాసాగారు. వీరిని చేర్చుకుంటే తాము రామని పైవర్ణాలవారు తెగేసి చెప్పడంతో, మిషన్ ముందు కఠినమైన ఎంపిక నిలిచింది. ఆ సందిగ్ధంలో క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదులలో ఉండి, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరవగా, ఇద్దరి కంటా పడింది ఒకే వాక్యభాగమని క్లౌ తన జీవితకథలో చెప్పుకున్నారు. అది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం తక్కువగా చూసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పిన భాగం. దంపతులు ఆ మాటకు లోబడి పేదలకు తలుపు తెరిచారు, పైవర్ణాల విద్యార్థులు వెళ్ళిపోయారు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువుకాలంలో బాప్తిస్మాలు ఆపివేయడం ఆ విధేయతకు మరో ముఖం. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈనాడు హైటెక్ సిటీలో కంప్యూటర్ల ముందు కూర్చునే ఎన్నో క్రైస్తవ కుటుంబాల బిడ్డల చదువుకు, ఆత్మగౌరవానికి మూలాలు వెతికితే ఆ నది ఒడ్డు దాకా వెళ్ళవలసి ఉంటుంది.

బైబిలు చించిన చేతులు

భక్త్ సింగ్ జీవితంలో ఇదే సూత్రం ఇంకా సూటిగా కనిపిస్తుంది. 1903లో పంజాబులోని ఒక సంపన్న కుటుంబంలో పుట్టి, సిక్కు మతాచారాలలో పెరిగిన ఆయన, విద్యార్థి దశలో తనకు కానుకగా అందిన బైబిలు పుటలను చించివేసి, అందమైన తోలు అట్టను మాత్రం దాచుకున్నారు. ఇంజనీరింగ్ చదువుకు ఇంగ్లండు, తర్వాత కెనడా వెళ్ళిన ఆయన 1929 డిసెంబరులో విన్నిపెగ్ నగరంలో ఒక మిత్రుని దగ్గర కొత్త నిబంధన తీసుకొని చదవసాగారు. యోహాను సువార్త మూడో అధ్యాయంలో, కొత్తగా పుట్టనిదే ఎవరూ దేవుని రాజ్యాన్ని చూడలేరని యేసు నికొదేముతో పలికిన మాట దగ్గర ఆయన మనసు లొంగిపోయింది. 1932 ఫిబ్రవరి 4న వాంకోవర్‌లో బాప్తిస్మం పొందారు.

ఆ తర్వాత జరిగినది ఇంజనీర్లకు ప్రత్యేకంగా తెలియదగినది. తాను ఇంజనీరుగా సంపాదించి ఆ డబ్బు దేవుని పనికి ఇస్తానని భక్త్ సింగ్ ప్రార్థనలో బేరం పెట్టారు. దేవుడు కోరింది తన డబ్బును కాదు, తననేనని ఆయనకు అర్థమైంది. పంజాబులోని ఆస్తిపై హక్కు వదులుకోవాలి, ఏ సొసైటీలోనూ చేరకుండా అందరికీ సమానంగా సేవ చేయాలి, సొంత పథకాలు వేసుకోక రోజురోజూ దేవుడు నడిపించినట్లు నడవాలి: ఈ మూడు షరతులు తన ముందుకు వచ్చాయని ఆయన సాక్ష్యం. 1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు, కుటుంబ పరువు కోసం విశ్వాసాన్ని గుట్టుగా ఉంచమని తల్లిదండ్రులు కోరగా ఆయన ఒప్పుకోలేదు. వారు ఆయనను అక్కడే విడిచి వెళ్ళారు. కొంతకాలానికి ఆ తండ్రే క్రీస్తును అంగీకరించడం ఈ కథలోని గొప్ప ఓదార్పు.

హెబ్రోను క్రమం

1941లో మద్రాసు దగ్గరి పల్లావరం కొండ మీద భక్త్ సింగ్ కొందరు సహవాసులతో రాత్రంతా ప్రార్థించిన తర్వాత యెహోవా షమ్మా అనే సంఘం ఏర్పడింది. ఆ పేరు యెహెజ్కేలు గ్రంథపు చివరి వచనం నుంచి తీసుకున్నది. యెహోవా అక్కడ ఉన్నాడని దాని భావం. అదే సంవత్సరం అక్కడ మొదటి హోలీ కన్వొకేషన్ జరిగింది. లేవీయకాండము 23వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు నియమించిన పరిశుద్ధ కూడికలను ఆదర్శంగా తీసుకొని, విశ్వాసులంతా రోజుల తరబడి ఒకచోట ఉండి, వాక్యం విని, కలిసి ప్రార్థించి, కలిసి భోజనం చేసే మహాసభ అది. తర్వాతి కాలంలో హైదరాబాదులోని హెబ్రోను ఈ ఉద్యమానికి ప్రధాన కేంద్రమై, కన్వొకేషన్‌కు పందిళ్ళు వేసి, వేలమందికి ఉచితంగా భోజనం పెట్టే సంప్రదాయాన్ని కొనసాగించింది.

హెబ్రోను ఆచారాలలో ప్రతిదానికీ ఒక వాక్యాధారం వెతకడం కనిపిస్తుంది. ప్రతి ఆదివారం రొట్టె విరవడం, అంటే ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకొనే బల్లలో పాలుపొందడం, అపొస్తలుల కార్యములలోని తొలి సంఘపు అలవాటు. జీతానికి పనిచేసే పాస్టరు స్థానంలో పెద్దలు కలిసి సంఘాన్ని నడపడం పౌలు పత్రికలలోని పద్ధతి. ఆరాధన తర్వాత అందరూ బారులు తీరి కూర్చొని తినే ప్రేమ విందు, పక్కవాడి కులం అడగకుండా అన్నం కలుపుకోవడం నేర్పింది. డబ్బు కోసం బహిరంగంగా విన్నపాలు చేయకపోవడం, చాపల మీద కూర్చొని ఆరాధించడం, సువార్త ఊరేగింపులలో వీధుల వెంట పాడుతూ నడవడం ఆ సంఘాలకు గుర్తులయ్యాయి. వీటన్నిటికీ పునాది, తెల్లవారుజామున మోకాళ్ళ మీద బైబిలు చదివి, ఆ రోజు చేయవలసిన పని ఏమిటని దేవుణ్ణి అడిగే అలవాటు. చివరి దశాబ్దంలో పార్కిన్సన్ వ్యాధితో మంచం పట్టిన భక్త్ సింగ్‌కు సహోదరులు సేవ చేసిన తీరు, ఆయన బోధించిన సహవాసం ఎంత నిజమో చూపింది. ఆయన అంత్యక్రియలకు దేశం నలుమూలల నుంచి జనసందోహం తరలివచ్చింది. నారాయణగూడ శ్మశానవాటికలో ఆయనను సమాధి చేశారు.

సైబరాబాద్‌లో నిరీక్షణ

ఇప్పుడు సైబరాబాద్‌గా పిలిచే ఆ పడమటి ఐటీ ప్రాంతంలోని రాయదుర్గంలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మార్గం మారి, ముషీరాబాద్‌లో దిగితే హెబ్రోను దగ్గరికి చేరవచ్చు. అయితే ఈ రెండు ప్రాంతాల మధ్య అసలు దూరం జీవనవిధానంలో ఉంది. అమెరికా గడియారానికి అనుగుణంగా పనిచేసేవారికి తెల్లవారుజాము నిద్రకు ఉపక్రమించే వేళ. కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ళలో ఒంటరిగా ఉండే యువతకు, ఊళ్ళో అమ్మానాన్నలతో కలిసి చేసిన కుటుంబ ప్రార్థన జ్ఞాపకంగా మాత్రమే మిగులుతుంది. ఈ ఐటీ ప్రాంతం చుట్టుపక్కల సంఘాలకు కొదవ లేదు. మియాపూర్ వైపు కల్వరి టెంపుల్ వంటి విశాలమైన మందిరాలకు వేలమంది వస్తారు. అయినా జనసమూహం మధ్య పాడడం సులువు, సోమవారం ఉదయం వాక్యానికి లోబడడం కష్టం.

ఉద్యోగాల మీద పెట్టుకున్న ఆశ ఎంత పెళుసైనదో ఈ పావు శతాబ్దం పదేపదే చూపించింది. 2001 నాటి డాట్‌కామ్ పతనం, 2008 నాటి మాంద్యం, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడడం, 2020 నాటి లాక్‌డౌన్, ఆ తర్వాతి ఉద్యోగాల కోతలు: ఒక్కొక్క దెబ్బకు ఎన్నో ఇళ్ళలో ఈఎంఐలు ఆగాయి, పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న ఉద్యోగి తన విలువే పోయిందని కుంగిపోవడం ఇక్కడ అందరికీ తెలిసిన బాధ. రోమా సంఘానికి రాసిన పత్రిక 15వ అధ్యాయంలో, పూర్వం వ్రాయబడిన లేఖనాలు ఓర్పును, ఆదరణను కలిగించి మనుషులకు నిరీక్షణ ఇవ్వడానికే ఉన్నాయని పౌలు చెప్పాడు. జీతం రాని నెలలో కూడా తన విలువ దేవుని దగ్గర తగ్గలేదని గ్రహించినవాడు నిజంగా నిలబడగలడు.

అయితే ఆ గ్రహింపు చదువు దగ్గరే ఆగిపోతే ఆవిరైపోతుంది. విని ఊరుకునేవాడు అద్దంలో ముఖం చూసుకొని మరచిపోయేవాడి వంటివాడని యాకోబు హెచ్చరించాడు. కనుక సైబరాబాద్‌లో విధేయతకు చాలా స్పష్టమైన రూపాలున్నాయి. ఉద్యోగం కోసం లేని అనుభవాన్ని ఉన్నట్లు చూపే దొంగ సర్టిఫికెట్లకు దూరంగా ఉండడం, పనిచేసిన గంటలను ఉన్నవి ఉన్నట్లు టైమ్‌షీట్‌లో నింపడం, మనసు విరిగిన సహోద్యోగితో ఆరాధనకు ముందే సమాధానపడడం, ఇంట్లో పనిచేసే మనిషి జీతాన్ని ఆపకుండా ఇవ్వడం, పెద్ద జీతమున్న వరుడికి పెద్ద కట్నమన్న బేరాన్ని తిరస్కరించడం, ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల బాధ్యతను భుజాన వేసుకోవడం: వీటిలో ఏ ఒక్కటీ లేఖనం మాట్లాడని విషయం కాదు.

భక్త్ సింగ్‌లా ప్రతి ఇంజనీరూ ఉద్యోగం వదలాలని దీని అర్థం కాదు. తాము ఏమి చేయాలని సుంకరులు, సైనికులు అడిగినప్పుడు, బాప్తిస్మమిచ్చు యోహాను వారిని కొలువు మానమనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దని, ఎవరినీ బెదిరించి గుంజవద్దని చెప్పాడని లూకా సువార్త 3వ అధ్యాయం తెలుపుతుంది. అలాగే విధేయత అంటే బోధకుని మాటకు కళ్ళు మూసుకొని తల ఊపడం కూడా కాదు. పౌలు చెప్పినదాన్ని సైతం లేఖనాలతో సరిచూసుకున్న బెరయవారు అపొస్తలుల కార్యములలో ప్రశంస పొందారు. ఏ నాయకుడైనా వాక్యానికి లోబడినంత మేరకే అనుసరణీయుడు. హెబ్రోను వారసత్వాన్ని కూడా ఆ కొలతతోనే చూడడం ఆ వారసత్వానికి చేసే నిజమైన గౌరవం.

వాక్యం ఒక వేళకు కట్టుబడినది కాదు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన వ్యక్తి నిద్రకు ముందు ఒక అధ్యాయం చదివి, అందులో తనను పట్టుకున్న ఒక్క మాటను తర్వాతి పనిదినం ముగిసేలోగా ఆచరణలో పెట్టగలిగితే, హెబ్రోను తెల్లవారుజాము అలవాటు మాదాపూర్‌లో కొత్త రూపంలో బతికినట్లే. మాదాపూర్, కొండాపూర్ అపార్టుమెంట్లలో నలుగురైదుగురు వారానికొకసారి కూడి, గత వారం చదివినదానిలో ఏది చేశాం, ఏది చేయలేకపోయాం అని ఒకరినొకరు దాపరికం లేకుండా అడిగి, ఒకరికోసం ఒకరు ప్రార్థించి, కలిసి భోజనం చేస్తే అదే నేటి కన్వొకేషన్‌కు అంకురం. ఒంగోలులో పేదలకు తెరిచిన తలుపు, బొంబాయి రేవులో వదులుకున్న ఇల్లు, గోల్కొండ క్రాస్‌రోడ్స్ పందిళ్ళలో వడ్డించిన అన్నం, ఇవన్నీ ఎవరో ఒకరు చదివిన మాటను ఆ పూటే చేయడం వల్ల సాధ్యమయ్యాయి. ప్రతి విశ్వాసీ తనకు ఇప్పటికే తెలిసి, ఇంకా చేయకుండా వాయిదా వేస్తున్న ఒక ఆజ్ఞను ఎంచుకొని నెరవేర్చాలి. నిరీక్షణ మళ్ళీ మొదలయ్యేది అక్కడే, రాబోయే పాతికేళ్ళ సంఘ చరిత్రకు పునాది పడేదీ అక్కడే.