లెర్నర్ చేతికి మీ కారిస్తే... ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు కట్టాలి?

ఖరగ్‌పూర్ ఐఐటీ పక్కనున్న ప్రేమ్ బజార్‌లో సాయంత్రం పూట కారు నడపడమంటే సైకిళ్లు, టోటోలు, నడిచివెళ్లే విద్యార్థుల మధ్య నుంచి దారి చేసుకోవడమే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఈ ఊళ్లో స్థిరపడ్డాయి. అలాంటి ఒక ఇంటికి శ్రీకాకుళం నుంచి సెలవులకు మేనల్లుడు వచ్చాడనుకుందాం. "మావయ్యా, బజారు దాకా నేను నడుపుతా" అంటాడు. మావయ్య తాళం తీసి ఇస్తాడు. దారిలో బండి ఎవరికైనా తగిలితే కేసు ఎవరి మీద, నష్టపరిహారం ఎవరి జేబులోంచి?

లెర్నర్ నడిపితే బీమా చెల్లదన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అది సగమే నిజం. మన దేశంలో మోటారు బీమా వాహనానికి చేస్తారు, నడిపే మనిషికి కాదు. ప్రైవేటు కారు పాలసీ కాగితం తీసి 'డ్రైవర్ క్లాజు' చదవండి. చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉన్న ఎవరైనా నడపవచ్చని, లెర్నర్ లైసెన్స్ ఉన్నవారు కూడా 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 3వ నిబంధనను పాటిస్తే నడపవచ్చని అందులో ఉంటుంది. పాలసీ తీసుకున్నవారిలో ఆ వాక్యం చదివేవాళ్లు తక్కువ. పరిహారం మొత్తం తేలేది మాత్రం దాని దగ్గరే.

3వ నిబంధన అడిగేవి మూడు. నేర్చుకునే వ్యక్తి దగ్గర గడువు తీరని లెర్నర్ లైసెన్స్ ఉండాలి. ఆ తరగతి వాహనం నడపడానికి లైసెన్స్ ఉన్నవారు, అవసరమైతే బండిని అదుపు చేయగలిగేలా, ఆపగలిగేలా పక్కన కూర్చోవాలి. ముందూ వెనుకా తెల్లటి నేల మీద ఎర్రటి 'ఎల్' కనిపించాలి. ఈ పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదని, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదని కూడా నిబంధన చెబుతుంది. మావయ్య వెనక సీట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే రెండో షరతు తప్పినట్టే. డ్రైవింగ్ స్కూలు కార్లలో పక్క సీటు దగ్గర కూడా బ్రేకు పెడలు ఉంటుంది. ఇంటి కారులో చేతికి అందేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే.

లెర్నర్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే పక్కా లైసెన్స్ పరీక్షకు వెళ్లాలి. శ్రీకాకుళంలో తీసుకున్నది బెంగాల్‌లో చెల్లదని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు, చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం అది దేశమంతటా చెల్లుతుంది. స్కూటర్ కోసం తీసుకున్న లెర్నర్ లైసెన్స్‌తో కారు నడపడం మాత్రం కుదరదు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడి పాలసీ ఫలానా డ్రైవర్లకే వర్తిస్తుంది, కాబట్టి నేర్చుకునేవారి పేరు అందులో చేర్పించాలి, లేదా వారే విడిగా బీమా తీసుకోవాలి. పక్కన కూర్చునేవారికి కనీసం 21 ఏళ్లుండాలి, లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండాలి. బీమా లేని వ్యక్తిని నడపనిచ్చిన యజమాని లైసెన్స్ మీద కనీసం ఆరు పెనాల్టీ పాయింట్లు పడతాయి. లెర్నర్‌కు బీమా లేకపోవడం అనే మాటకు పూర్తి అర్థం ఉన్నది అలాంటి చోట. మన దగ్గర ప్రశ్న వేరు: కారుకు బీమా ఉందా, నడిపిన వ్యక్తి చట్టం లెక్కలో లైసెన్స్ ఉన్నవారేనా?

ముందు శిక్షల సంగతి. లైసెన్స్ లేని వ్యక్తిని నడపనివ్వకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 5వ సెక్షన్ యజమానిని ఆదేశిస్తుంది. ఇస్తే 180వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు ఈ జరిమానా 1,000 రూపాయలే. నడిపిన వ్యక్తి మీద 181వ సెక్షన్ కింద వేరే కేసు. కారుకు బీమాయే లేకపోతే 196వ సెక్షన్ నడిపినవారికీ, నడపనిచ్చినవారికీ వర్తిస్తుంది: మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయలు, లేదా రెండూ, మళ్లీ దొరికితే జరిమానా 4,000. పెరిగిన జరిమానాలను 2019లో అమలు చేయబోమన్న రాష్ట్రాల్లో పశ్చిమ బెంగాల్ ఒకటి. 2022లో అక్కడా పెంచారు.

ప్రమాదంలో ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడే కేసు నడిపినవారి మీద పెడతారు. కారిచ్చినంత మాత్రాన ఈ నేరం యజమాని మెడకు చుట్టుకోదు. ఆయనకు అసలు దెబ్బ క్రిమినల్ కోర్టులో కాదు, మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో తగులుతుంది.

'నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ వర్సెస్ స్వరణ్ సింగ్' కేసులో సుప్రీంకోర్టు 2004 జనవరి 5న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో నేటికీ మూలస్తంభం. లెర్నర్ లైసెన్స్ కూడా లైసెన్సేనని, అది ఉన్నవారు నడిపారన్న కారణంతో బీమా కంపెనీ మూడో పక్షానికి చెల్లించడం తప్పించుకోలేదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. షరతు ఉల్లంఘన జరిగిందంటే చాలదు, యజమాని కావాలనో నిర్లక్ష్యంతోనో చేశారని, ఆ ఉల్లంఘనే ప్రమాదానికి దారితీసేంత మౌలికమైనదని కంపెనీ నిరూపించాలి. అందుకే కేవలం 'ఎల్' పలక లేదన్న వాదన ట్రైబ్యునల్‌లో నిలబడటం కష్టం. పక్కన లైసెన్స్ ఉన్న మనిషే లేడన్నది బలమైన వాదన. లెర్నర్ లైసెన్సే లేదన్నది ఇంకా బలమైనది.

కంపెనీ ఉల్లంఘనను నిరూపించినా బాధితులను ఖాళీ చేతులతో పంపడం ఇష్టంలేక కోర్టులు ఎక్కువగా ఒక మధ్యేమార్గం పట్టాయి. ముందు కంపెనీ బాధితులకు చెల్లిస్తుంది, తర్వాత ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకుంటుంది. ఈ రాబట్టుకోవడం ఎలాగో చెప్పిన ముఖ్యమైన తీర్పు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోదే. పర్మిట్ లేని ఆటోకు సంబంధించిన 'చల్లా భారతమ్మ' కేసులో, కంపెనీ మళ్లీ సివిల్ దావా వేయనక్కర్లేదని, అదే ట్రైబ్యునల్ యజమానికి నోటీసిచ్చి హామీ అడగవచ్చని, అవసరమైతే వాహనాన్ని జప్తు చేయవచ్చని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 'బీమా కంపెనీ కట్టేసిందిగా' అని నిశ్చింతగా ఉన్న యజమానికి కొన్నేళ్ల తర్వాత వచ్చే నోటీసు ఇదే.

మొత్తం ఎంతుంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. ప్రేమ్ బజార్‌లో నెలకు 25,000 రూపాయలు సంపాదించే 30 ఏళ్ల దుకాణదారు చనిపోయారనుకుందాం. ఆయన మీద ఆధారపడినవారు భార్య, ఇద్దరు పిల్లలు. 2009 నాటి సరళా వర్మ, 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పుల పద్ధతిలో ఏడాది సంపాదన 3 లక్షలు. 40 ఏళ్లలోపు స్వయం ఉపాధివారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 4.2 లక్షలు. సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేస్తే 2.8 లక్షలు. ఆ వయసుకు గుణకం 17. అంటే 47 లక్షల 60 వేల రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, వడ్డీ వగైరా దీని మీద అదనం. 5,000 జరిమానా గురించి మాట్లాడుకునేవాళ్లు ఈ అంకె గురించి మాట్లాడుకోరు.

కారుకు బీమాయే లేకపోతే మధ్యలో కంపెనీ ఉండదు. మొత్తం భారం నడిపినవారి మీదా యజమాని మీదా పడుతుంది. బీమా ఉందనుకుని లేకుండా తిరిగేవాళ్లూ ఉంటారు. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఆ మూడేళ్లు ఎప్పుడు అయిపోయాయో గమనించకపోతే నాలుగో ఏడు కారు బీమా లేకుండానే తిరుగుతుంటుంది.

సొంత కారుకు జరిగిన నష్టం విషయంలో ఈ ఉదారత ఉండదు. మూడో పక్షానికి వర్తించే సూత్రాలు యజమాని సొంత నష్టానికి వర్తించవని లక్ష్మీ నారాయణ్ ధూత్ కేసులో సుప్రీంకోర్టు 2007లో తేల్చింది. 3వ నిబంధన తప్పితే బంపర్ ఖర్చూ మీదే. ఇక నడుపుతున్న మేనల్లుడికే దెబ్బలు తగిలితే? తప్పు అతనిదే అయినప్పుడు అతను మూడో పక్షం కాడు. కారు అడిగి తీసుకున్న వ్యక్తి యజమాని స్థానంలోకి వస్తాడని 2009లో నింగమ్మ కేసులో కోర్టు చెప్పింది. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా పక్కా లైసెన్స్ ఉన్న యజమానికే.

మేనల్లుడికి 18 నిండకపోతే మాట మారుతుంది. 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం సంరక్షకుడు లేదా యజమాని నేరం చేసినట్టే భావిస్తారు: మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలలు వాహన రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. తనకు తెలియకుండా తాళం తీసుకుపోయాడన్న వాదన జవహర్ సింగ్ కేసులో 2011లోనే ఓడిపోయింది. ఈ సెక్షన్ రాకముందే, 2018లో, మైనర్లకు బండ్లిచ్చిన తల్లిదండ్రులను హైదరాబాద్ కోర్టులు జైలుకు పంపాయి.

యజమాని అంటే ఎవరన్నది ఖరగ్‌పూర్ కుటుంబాలు ప్రత్యేకంగా గమనించాలి. కారు విశాఖలో నాన్నగారి పేరున ఉండి కొడుకు ఇక్కడ వాడుతుంటే, ట్రైబ్యునల్ ముందు ప్రతివాది నాన్నగారే. కారు అమ్మేసి రిజిస్ట్రేషన్ మార్పించకపోయినా పాత యజమానిదే బాధ్యత అని 2018లో నవీన్ కుమార్ తీర్పు చెప్పింది. 'రోడ్డు మీద కాదు, మైదానంలోనే నేర్పాం' అన్న సమాధానం కూడా గట్టిది కాదు. ప్రజలకు వెళ్లే హక్కున్న ఏ చోటైనా చట్టం లెక్కలో బహిరంగ ప్రదేశమే.

బాధితులు తమ ఊరి ట్రైబ్యునల్‌లోనూ కేసు వేయవచ్చు. ప్రేమ్ బజార్‌లో గాయపడిన వ్యక్తిది శ్రీకాకుళం అయితే, 166(2) సెక్షన్ ప్రకారం శ్రీకాకుళంలోనే పిటిషన్ వేసే వీలుంది. అప్పుడు వాయిదాలకు ఖరగ్‌పూర్ నుంచి రైలెక్కాల్సింది మావయ్యే.