రైళ్ల వేళల పుస్తకం, జనపనార: బోస్ ప్రయోగశాల

రైళ్ల వేళల పుస్తకాన్ని మీరు ప్రయాణాలకే వాడి ఉంటారు. 1890లలో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్ దాన్ని భౌతికశాస్త్ర పరికరంగా మార్చాడు.

1885లో ఆ కళాశాలలో చేరినప్పుడు ఆయనకు ఆంగ్లేయ అధ్యాపకులకంటే తక్కువ జీతం ఇవ్వజూపారు. మూడేళ్లు జీతం ముట్టకుండానే పాఠాలు చెప్పాడు. చివరకు ప్రభుత్వం దిగివచ్చి బకాయి మొత్తం చెల్లించింది. పరిశోధనకు మాత్రం దొరికినవి ఒక ఇరుకు గది, ఒక రేకుల పనివాడు.

హెర్ట్‌జ్ తరంగాలు చాలా పొడవైనవి. వాటిని పరీక్షించడానికి పెద్ద పెద్ద పరికరాలు కావలసివచ్చేవి. బోస్ తరంగదైర్ఘ్యాన్నే కొద్ది మిల్లీమీటర్లకు కుదించాడు. పరికరమంతా ఒక బల్లమీద ఇమిడిపోయింది.

ఇక ఆ పుస్తకం సంగతి. దాని పుటల మధ్య తగరపు రేకులు పెట్టాడు. రేకులకు సమాంతరంగా కంపించే తరంగం ఆగిపోతుంది, లంబంగా కంపించేది దాటిపోతుంది. దీన్నే ధ్రువణం అంటారు. పుస్తకాన్ని తొంభై డిగ్రీలు తిప్పితే, అంతవరకు దాటిన తరంగం ఆగిపోతుందన్నమాట!

జనపనార కథ ఇంకా ముచ్చటైనది. 1898లో నారకట్టలను కొన్ని కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు మెలిపెట్టి తరంగాల దారిలో ఉంచాడు. మెలికను బట్టి ధ్రువణ తలం అటో ఇటో తిరిగింది. చక్కెర ద్రావణం కాంతి ధ్రువణ తలాన్ని తిప్పుతుందని మీరు చదివే ఉంటారు. కంటికి కనిపించని అణువుల అమరికకు బెంగాల్ మిల్లుల సరుకుతో చేతికందే నమూనా తయారైంది.

1897 జనవరిలోనే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బోస్ తన పరికరాలను ప్రదర్శించాడు. పేటెంట్లంటే ఆయనకు గిట్టేది కాదు. అయినా మిత్రుల ఒత్తిడితో 1901లో దరఖాస్తు చేశాడు. గాలెనా అనే సీసపు ఖనిజంతో తరంగాలను పసిగట్టే సాధనానికి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది.