పారిశ్రామిక ప్రోత్సాహకాలు: మేడ్చల్, శామీర్‌పేట
పరిశ్రమలను ఒక ప్రాంతానికి రప్పించడానికి ప్రభుత్వం ఇచ్చే స్థలం, పన్ను రాయితీ, పెట్టుబడి సబ్సిడీ, సత్వర అనుమతులే ప్రోత్సాహకాలు. హైదరాబాద్ ఉత్తర శివారు ఇందుకు మంచి ఉదాహరణ. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శామీర్‌పేట వైపు జీవసాంకేతిక పరిశ్రమల కేంద్రం జీనోమ్ వ్యాలీకి రూపమిచ్చింది. కృష్ణ ఎల్లా స్థాపించిన భారత్ బయోటెక్ అక్కడి తుర్కపల్లిలో వేళ్లూనుకుంది. కోవిడ్ టీకా కోవాగ్జిన్ పుట్టింది ఇక్కడే. వ్యాక్సిన్ తయారీకి ప్రయోగశాల, శిక్షణ పొందిన మనుషులు, శీతల రవాణా ఒకేచోట కావాలి. ఒక సంస్థ వచ్చాక మరొకటి రావడానికి సబ్సిడీ కన్నా ఈ పొరుగే పెద్ద ఆకర్షణ.

తెలంగాణ ఏర్పడ్డాక 2014లో అనుమతుల కోసం టీఎస్-ఐపాస్ చట్టం, రాయితీల కోసం టీ-ఐడియా పథకం వచ్చాయి. భారీ ప్రాజెక్టులకు 15 రోజుల్లో, మిగిలినవాటికి 30 రోజుల్లో అనుమతులివ్వాలని చట్టం గడువు పెట్టింది. దళిత, గిరిజన పారిశ్రామికవేత్తలకు టీ-ప్రైడ్ పథకం వేరుగా వచ్చింది. మేడ్చల్‌లోని చిన్న యూనిట్‌కు రాయితీ ఎంతన్నదే కాదు, ఎప్పుడు చేతికందుతుందన్నదీ ముఖ్యం. బకాయి పడితే ఆ భారం బ్యాంకు వడ్డీగా యజమాని నెత్తిన పడుతుంది.

పరిశ్రమలు శివారుకు తరలడానికి ప్రోత్సాహకాలే కాదు, ఆంక్షలూ కారణమే: ఔటర్ రింగ్ రోడ్డు లోపలి కాలుష్య పరిశ్రమలను వెలుపలికి పంపాలని 2013లో ఉత్తర్వు వెలువడింది.