ప్రమాణవాక్యము – మతస్వాతంత్ర్యము: పాశ్చాత్య ప్రజాస్వామ్య చరిత్రలో ఒక పరిశీలనము

రాజ్యమును మతమును వేరుచేసిన దేశమున మతస్వాతంత్ర్యము తప్పక వర్ధిల్లుననియు, రాజ్యమతము గల దేశమున నది యణగియుండుననియు సామాన్యముగా తలంతురు. చరిత్రను పరికించినచో నీ యభిప్రాయము పూర్తిగా నిలువజాలదు. అల్పసంఖ్యాకుడగు మనుజుడు తన విశ్వాసమును విడువకయే పదవిని స్వీకరింపగలడా యనునదియే సరియైన గీటురాయి. కావున పదవీప్రమాణమును ఆధారముగా గొని నాలుగు దేశముల వృత్తాంతమును సంగ్రహముగా పరిశీలింతము.

ఇంగ్లండులో 1534 నాటి చట్టము రాజునే ఆంగ్ల క్రైస్తవ సంఘమునకు అధిపతిగా నిలిపెను. ఆ సంఘవిధి ననుసరించి ప్రభుభోజన సంస్కారమును స్వీకరింపని వారిని 1673 నాటి టెస్టు చట్టము రాజోద్యోగములకు దూరము చేసెను. 1828లో ఈ నిర్బంధము తొలగెను. 1829లో కాథలిక్కులకు పార్లమెంటు ద్వారము తెరువబడెను. యూదుడైన లయొనెల్ రాత్స్‌చైల్డు 1847లోనే లండను నగర ప్రతినిధిగా ఎన్నికయ్యును, ప్రమాణమును క్రైస్తవ విశ్వాసముపై చేయవలసియుండుటచే, 1858 వరకు సభలో స్థానము పొందలేకపోయెను. నాస్తికుడగు చార్లెస్ బ్రాడ్లా 1880లో నార్తాంప్టను నుండి ఎన్నికై, ప్రమాణవివాదమున ఆఱేండ్లు పోరాడి, ఓటర్లు మరల మరల తననే పంపగా, 1886లో ఆసీనుడయ్యెను. దైవసాక్షిగా కాక ఆత్మసాక్షిగా ప్రమాణము చేయు హక్కును అందరికిని ఇచ్చిన 1888 నాటి చట్టము ఆతని కృషిఫలమే. ఇంత మార్పు జరిగినను రాజ్యమతము పోలేదు. నేటికిని రాజు ఆ సంఘమునకు పరమపాలకుడు. 26 మంది బిషప్పులు ప్రభువుల సభలో సభ్యులు.

అమెరికా చరిత్ర దీనికి భిన్నము. పదవులకు మతపరీక్ష కూడదని 1787లో రచింపబడిన రాజ్యాంగమే శాసించెను. 1791 నాటి ప్రథమ సవరణము కాంగ్రెసు రాజ్యమతమును స్థాపింపరాదనెను. కాని యీ నియమములు తొలుత కేంద్రప్రభుత్వమును మాత్రమే బంధించెను. మసాచుసెట్సులో చర్చికై పన్ను విధించుట 1833 వరకు సాగెను. మేరీలాండులో యూదులకు పదవులు 1826లో గాని దక్కలేదు. అదే రాష్ట్రమున దేవుని యందు విశ్వాసమును ప్రకటింపనందున నోటరీ పదవి నిరాకరింపబడిన యొకనికి సుప్రీంకోర్టు 1961లో న్యాయము చేకూర్చెను. వ్రాతయందలి స్వాతంత్ర్యము వాడుకలోనికి వచ్చుటకు నూటడెబ్బది యేండ్లకు పైగా పట్టినదన్నమాట!

ఫ్రాన్సు 1905 డిసెంబరు 9వ తేదీ చట్టముచే మతగురువుల జీతములను ఆపి, రాజ్యమును చర్చినుండి విడదీసెను. అయినను అప్పుడు జర్మనీ యేలుబడిలో నుండిన ఆల్సేసు–మొసెల్ ప్రాంతమున ఆ చట్టము అమలుకాలేదు. అచ్చటి కాథలిక్కు, ప్రొటెస్టంటు, యూద మతగురువులకు ప్రభుత్వము నేటికిని జీతము లిచ్చుచున్నది. మఱియు 2004 నాటి చట్టము ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థులు ప్రస్ఫుటములగు మతచిహ్నములను ధరించుటను నిషేధించెను. రాజ్యము తటస్థముగా నుండుట యొకటి, పౌరుని తటస్థునిగా గనపడుమనుట వేఱొకటి. ఈ వివాద మింకను తీరలేదు.

జర్మనీ మధ్యేమార్గమును గైకొనెను. రాజ్యమతము లేదనియు, మతపరమగు ప్రమాణమును ఎవ్వరిపైనను నిర్బంధింపరాదనియు 1919 నాటి వైమారు రాజ్యాంగము చెప్పెను. ఆ నియమములనే 1949 నాటి రాజ్యాంగము తనలో చేర్చుకొనెను. అయినను చర్చి సభ్యుల నుండి చర్చిపన్నును సాధారణముగా ప్రభుత్వపు పన్నుల శాఖయే వసూలుచేసి యిచ్చుచున్నది.

దీనినిబట్టి తేలున దేమన, విభజన మొక్కటియే స్వాతంత్ర్యము కాదు. రాజ్యమతమున్నంతనే పీడన మనివార్యము కాదు. ఎచ్చటనైనను హక్కు దానంతట రాలేదు. ద్వారమున నిలువబడినవాడు పట్టు విడువకుండుటచే వచ్చినది.

ఆ బ్రాడ్లాయే 1889లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు విచ్చేసి భారతీయుల యాదరము చూఱగొనెను. దైవసాక్షిగా గాని ఆత్మసాక్షిగా గాని ప్రమాణము చేయు స్వేచ్ఛను 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమును ఇచ్చినది. పరరాష్ట్రములలో అల్పసంఖ్యాకులమై తరతరములుగా జీవించు మనకు ఈ రెండు మాటల విలువ ఒరులు చెప్పనక్కఱలేదు.