స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ విడుదల - కాలనిర్ణయం: డెబియన్ అనుభవం

1. ఉపోద్ఘాతం:
నీటికీ సాఫ్ట్‌వేర్‌కూ తెలుగులో ‘విడుదల’ అనే మాటనే వాడుతున్నాం. రెండింటిలోనూ నిర్ణయం ఎగువవారిది, ఫలితం దిగువవారిది. మెండోర సమీపంలోని పోచంపాడు వద్ద ఉన్న శ్రీరాంసాగర్‌కు ఎగువన, గోదావరిపై మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ నిర్మించింది. ఈ వివాదంలో 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జులై 1 నుండి అక్టోబర్ 28 వరకు బాబ్లీ గేట్లు తెరిచి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీల నీరు వదలాలి. దిగువవారి హక్కుకు తేదీయే ఆధారమైంది. జీతం ఆశించని కార్యకర్తలు నిర్మించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇదే ప్రశ్న ఎలా పరిష్కారమైందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. సిద్ధతా? తేదీయా?
1993లో ఆరంభమైన డెబియన్‌లో ‘సిద్ధమైనప్పుడే విడుదల’ అన్నది సంప్రదాయం. అది నాణ్యతకు రక్ష. కానీ 2002 జులైలో 3.0 వెలువడిన తర్వాత 3.1 కోసం 2005 జూన్ వరకు ఎదురుచూడవలసి వచ్చింది. గ్నోమ్ ఇందుకు భిన్నమైన మార్గం పట్టింది. 2002 జూన్‌లో 2.0 వచ్చిన తర్వాత ఆరు నెలలకొక విడుదల పద్ధతిని అనుసరించింది. సిద్ధం కాని అంశం తరువాతి విడుదలకు వాయిదా పడుతుంది.

3. అనువాదకుల దృష్టి:
విడుదలకు ముందు తెరపై కనిపించే వాక్యాల మార్పును నిలిపివేస్తారు. దీనినే ‘ఫ్రీజ్’ అంటారు. తెలుగు అనువాదకులకు నికరంగా దొరికే సమయం ఇదే. గ్నోమ్‌లో 80 శాతం వాక్యాలు అనువాదమైతేనే ఆ భాషకు పూర్తి మద్దతు ఉన్నట్లు ప్రకటిస్తారు. ఫ్రీజ్ తేదీ ముందుగా తెలియకపోతే, ఉద్యోగం చేసుకుంటూ రాత్రివేళ అనువదించే వ్యక్తి శ్రమ మరో విడుదల దాకా వినియోగదారునికి చేరదు.

4. డెబియన్ నిర్ణయం:
2009 జులైలో డెబియన్ విడుదల బృందం ఆ డిసెంబరులోనే ఫ్రీజ్ అని ప్రకటించింది. సభ్యుల అభ్యంతరాలతో ఆ గడువును వదులుకుంది. చివరకు 2010 ఆగస్టులో ఫ్రీజ్ జరిగి, 2011 ఫిబ్రవరి 6న 6.0 వెలువడింది. దాని గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో కొత్తగా చేరిన భాషల్లో తెలుగు ఒకటి. తరువాత 8వ వెర్షన్‌కు 2014 నవంబర్ 5ను ఫ్రీజ్ తేదీగా ఏడాది ముందే నిర్ణయించారు. విడుదల మాత్రం లోపాలు సరిదిద్దాక, 2015 ఏప్రిల్‌లో జరిగింది.

5. ముగింపు:
స్వచ్ఛంద కార్యకర్తపై గడువును రుద్దడం సాధ్యం కాదని 2009 నాటి అనుభవం చెబుతోంది. గడువే లేకపోతే నష్టపోయేది దిగువవారని 2002-2005 మధ్యకాలం చెబుతోంది. మార్పులు ఆపే రోజును ముందే ప్రకటించి, విడుదల రోజును నాణ్యతకు వదిలివేయడం ఈ రెంటి మధ్య డెబియన్ కనుగొన్న మార్గం. తెలుగు వంటి భాషలకు ఆ మొదటి తేదీయే కీలకం.