బిడ్డను అప్పగించిన పిమ్మట

పదవ తరగతి ఫలితములు వచ్చిన కొలది దినములకే ప్రతి సంవత్సరము మన పల్లెలనుండి ఒక ప్రయాణము మొదలగును. తండ్రి చేతిలో పెట్టె, తల్లి చేతిలో పచ్చడి సీసా, నడుమ పదునైదు పదునారేండ్ల బిడ్డ. హైదరాబాదులో బస్సు దిగి నారాయణగూడకో చిక్కడపల్లికో దారి అడుగుదురు. ఫీజు చెల్లించి, కాగితములపై సంతకము చేసి, బిడ్డను హాస్టలులో విడిచి రాత్రి బస్సుకు తిరిగివత్తురు. ఆ బిడ్డ ఇంట మాట విననివాడైనచో, “హాస్టలులో వేసితిమి, ఇక వాడే దారికి వచ్చును” అని ఇరుగుపొరుగువారితో చెప్పుకొందురు. ఆ మాటలో ప్రేమయు కలదు, అలసటయు కలదు. అయితే ఆ గేటు లోపల జరుగుదానికి లెక్క ఎవరు అడుగవలెను? ఎవరు చెప్పవలెను?

ఆ పేటలకు చదువు క్రొత్తది కాదు. నిజాము పాలనలో తెలుగు ఆడుబిడ్డలకు తల్లిభాషలో చదువు దుర్లభమైయున్న దినములలో, 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు నెలకొల్పిన బాలికల పాఠశాల నారాయణగూడలోనే పెరిగెను. నేడు ఆ ప్రాంతమున ప్రైవేటు జూనియరు కళాశాలలు, వాటి చుట్టు హాస్టళ్లు. అశోక్‌నగరులో ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రములు. అచ్చటి నగర కేంద్ర గ్రంథాలయములో పల్లెల యువకులు ప్రొద్దుననే చోటు వెదకుకొందురు. పెద్దవాడైన యువకుడు ఇష్టము లేనిచో గది ఖాళీచేసి పోగలడు. పదునారేండ్ల బిడ్డ పోలేడు. అతని బయటికి పంపుట, ఇంటికి ఫోను చేయనిచ్చుట, జ్వరము వచ్చినచో పండుకొననిచ్చుట, అన్నియు వార్డెను చేతిలోనివే. మంచి వార్డెన్లు లేకపోలేదు. కాని బిడ్డ క్షేమము ఒక్కని మంచితనముపైననే ఆధారపడియుండుట క్షేమము కాదు.

ఈ సంగతిలో ఇతర దేశముల చరిత్ర మనకు పాఠము చెప్పుచున్నది. అమెరికాలో 1958లో చార్లెస్ డెడెరిక్ అనువాడు సినానన్ అను సంస్థను స్థాపించెను. మత్తుమందులకు బానిసలైనవారిని బాగుచేయుదుమని అది చెప్పెను. అందరు గుండ్రముగా కూర్చుండి ఒకని నిలదీసి తిట్టుట అక్కడి వైద్యము. తరువాత ఆ పద్ధతి దారితప్పిన బిడ్డలను దిద్దు గృహములలోనికి పాకెను. స్ట్రెయిట్ అను సంస్థ 1976లో ఫ్లోరిడాలో మొదలై 1993లో మూతపడెను. అట్టివి మరి అనేకములు నడచెను. తల్లిదండ్రులు నమ్మి డబ్బు కట్టిరి. బిడ్డ ఇంటికి వ్రాసిన ఉత్తరములను అధికారులు చదివెడివారు. “మీ బిడ్డ ఫిర్యాదు చేసినచో నమ్మకుడి, ఇంటికి వచ్చుటకు అబద్ధమాడును” అని తల్లిదండ్రులకు ముందే చెప్పెడివారు. ఆ విధముగా బిడ్డ నోరు తెరువకముందే అతని సాక్ష్యము కొట్టివేయబడెను. ఆ దేశపు ప్రభుత్వ తనిఖీ కార్యాలయము 2007లో ఇట్టి చోట్ల చనిపోయిన 10 మంది బిడ్డల సంగతి పరిశీలించి, తర్ఫీదులేని సిబ్బందిని, చాలని తిండిని, నిర్లక్ష్యమును కనుగొనెను.

అక్కడ నుండి బయటపడినవారు పెద్దవారై మాటలాడిరి. వారిలో పారిస్ హిల్టన్ అను ప్రసిద్ధురాలు 2021లో యూటా రాష్ట్ర శాసనసభ్యుల యెదుట తన బాల్యానుభవమును చెప్పెను. ఆ సంవత్సరమే ఆ రాష్ట్రము చట్టము చేసెను. 2024 డిసెంబరులో ఇట్టి గృహముల స్థితిగతులను దేశమంతట పరిశోధింపవలెనను చట్టము వచ్చెను. పదునారేండ్లప్పుడు చెప్పిన మాట నలువది యేండ్లకు గాని చెవికెక్కలేదు.

ఇది లోకస్థుల సంగతియని మనము తప్పించుకొనలేము. కెనడాలో ఆదిమ జాతుల బిడ్డలకై ప్రభుత్వము పెట్టిన రెసిడెన్షియల్ పాఠశాలలను నూరేండ్లకు పైగా నడపినది ఎక్కువగా సంఘములే. సుమారు 1,50,000 మంది బిడ్డలు తల్లి ఒడికిని తల్లి భాషకును దూరము చేయబడిరి. దెబ్బలు తినినవారును, చెరచబడినవారును, తిరిగి ఇల్లు చూడనివారును ఉండిరి. 2008లో ఏర్పడిన సత్యాన్వేషణ కమిషను 6,500 మందికి పైగా సాక్షులను విని, 2015లో 94 పిలుపులతో నివేదిక నిచ్చెను. ఆంగ్లికన్ సంఘము 1993లోను, ప్రెస్బిటేరియన్ సంఘము 1994లోను, యునైటెడ్ సంఘము 1998లోను క్షమాపణ కోరెను. 2022లో పోపు ఫ్రాన్సిసు అక్కడికి పోయి క్షమాపణ వేడెను. మంచి ఉద్దేశము బిడ్డను కాపాడలేదు. లెక్క అడుగువారుండినచో కాపాడబడియుండును.

ఇక మన యింటి సంగతి. ఇంటర్మీడియేటు విద్యార్థుల బలవన్మరణములపై ఉమ్మడి రాష్ట్రమున నీరదా రెడ్డి కమిటీయు, 2017లో ఆంధ్రప్రదేశమున చక్రపాణి కమిటీయు విచారణ జరిపెను. అయినను దుఃఖము ఆగలేదు. 2022లో దేశమంతట 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణము తామే తీసికొనిరని ప్రభుత్వ లెక్క. 2023లో విశాఖపట్టణమున వైద్యప్రవేశ పరీక్షకు హాస్టలులో ఉండి చదువుచున్న 17 ఏండ్ల బాలిక మరణించెను. విచారణ సరిగా లేదని ఆమె తండ్రి కోర్టుకెక్కెను. హైకోర్టు కాదనగా సుప్రీముకోర్టుకు పోయెను. 2025 జూలై 25న ఆ కోర్టు కేసును సి.బి.ఐ.కి అప్పగించి, దేశమంతటికి 15 ఆదేశములిచ్చెను. నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్న చోట తర్ఫీదు పొందిన సలహాదారు ఉండవలెను. మార్కులనుబట్టి బిడ్డలను తరగతులుగా విడదీసి నలుగురిలో సిగ్గుపరచరాదు. రహస్యముగా ఫిర్యాదు చేయు మార్గముండవలెను. ఒక తండ్రి కన్నీరు తుడుచుకొని అడిగినందున ఈ మాటలు ఇప్పుడు ప్రతి బిడ్డకు ఆధారమైనవి.

చట్టము కూడ మన పక్షముననే యున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టము 75వ సెక్షను ప్రకారము, 18 ఏండ్లలోపు బిడ్డ సంరక్షణ అప్పగింపబడిన సంస్థను నడపువాడు గాని అందలి ఉద్యోగి గాని ఆ బిడ్డను క్రూరముగా బాధించినచో, 5 ఏండ్లవరకు కఠిన శిక్షయు, 5 లక్షల రూపాయలవరకు జరిమానాయు కలదు. దండించుటకు మేము సంతకము చేసి ఒప్పుకొంటిమి గదా అని ఏ తల్లిదండ్రులును జంకనక్కరలేదు.

చదువరీ, షిలోహులో విడువబడిన బాలుడైన సమూయేలును జ్ఞాపకము చేసికొనుము. ఆ మందిరములోనే ఏలీ కుమారులు జనులను బాధించుచుండిరి. తండ్రి ఎరిగియు వారిని అడ్డగింపలేదు. ఆ తప్పిదము అతని యింటిమీదికి వచ్చెను. అయినను ఆ ముసలివాడు ఒక మంచి పని చేసెను. రాత్రి తాను వినినది చెప్పుటకు బాలుడు భయపడగా, ఏమియు దాచక చెప్పుమని బ్రతిమాలి, తనకు విరోధమైన మాటను ఓపికతో వినెను. బిడ్డలను ఏలు పెద్దలందరికి అట్టి చెవి కావలెను.

కాబట్టి ఈ సంవత్సరము బిడ్డను పంపువారు కొన్ని సంగతులు మరువకుందురు గాక. చేర్చకముందు పడుకొను గదిని, వంట యింటిని కన్నులార చూడుడి. చెప్పక వచ్చి చూచుటకు ఒప్పని చోట బిడ్డను విడువకుడి. పోయినప్పుడు వార్డెను లేని చోట కూర్చుండి మాటలాడుడి. మార్కులు కడపట అడుగుడి. నిద్ర, తిండి, భయము ముందు అడుగుడి. “ఇంటికి వచ్చెదను” అని బిడ్డ ఏడ్చినచో బద్ధకమని త్రోసివేయకుడి. కీడు జరిగినదని తోచినచో 1098కి ఫోను చేయుడి. బిడ్డ మనస్సు క్రుంగియున్నచో 14416 నంబరున రాత్రింబగళ్లు తెలుగులో పలుకువారున్నారు. సంఘ పెద్దలు తమ పల్లెనుండి హాస్టళ్లకు పోయిన బిడ్డల పేర్లు వ్రాసికొని, తల్లిదండ్రులు పోలేని నెల ఎవరైన ఒకరు పోయి చూచునట్లు ఏర్పాటు చేయుట మేలు.

హన్నా తన కుమారుని దేవునికే అప్పగించెను. అయినను ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయి అతని చూచి వచ్చుచుండెను. బిడ్డ ఎంత పెరిగెనో ఎరుగని తల్లి అంగీ కుట్టలేదు. మనమును పోయి చూతము రండి.