కరివేపాకు చెట్టు, లయల్‌పూర్ కందిరీగ

అమెరికాలోని కాలిఫోర్నియాలో నారింజ తోటల రక్షణకు ఒక పరాన్నభుక్కు కందిరీగను, అంటే మరో కీటకం ఒంటి మీదే పిల్లలను సాకే కందిరీగను, పెంచేందుకు ఎంచుకున్న మొక్కల్లో తెలుగింటి పెరటి కరివేపాకు ఒకటి. నిమ్మ కుటుంబానికే చెందిన ఈ మొక్క చిగుళ్ల మీద రసం పీల్చే సిల్లా పురుగు చక్కగా పెరుగుతుంది గాని, అది మోసుకొచ్చే, నారింజ చెట్లను క్షీణింపజేసే గ్రీనింగ్ తెగులు బాక్టీరియా మాత్రం ఇందులో నిలదొక్కుకోదు కనుక, తెగులు భయం లేకుండా సిల్లాను, దాని మీద కందిరీగను పెంచవచ్చు.

పురుగును పురుగుతోనే అణచడం పాత విద్య. నారింజ చెట్లకు కాపలాగా చీమల గూళ్లను సంతలో అమ్మేవారని క్రీ.శ. 304 నాటిదిగా చెప్పే చైనా గ్రంథం పేర్కొంటుంది. అక్కడి నుంచి పదహారు శతాబ్దాలు దాటితే పంజాబులో మన కందిరీగ నమోదైన లయల్‌పూర్ వస్తుంది.

సుమారు ఒక మిల్లీమీటరు పొడవుండే ఆ కందిరీగ సిల్లా పిల్లపురుగు పొట్ట కింద గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని, ఆకుకు అంటుకున్న ఎండు డొల్లకు గుండ్రని రంధ్రం చేసుకుని రెక్కలతో బయటపడుతుంది. లయల్‌పూర్ నమూనాల ఆధారంగా కీటక శాస్త్రవేత్త వాటర్‌స్టన్ 1922లో దీనికి పేరు పెట్టాడు. 1927లో కీటక శాస్త్రవేత్తలు హుస్సేన్, నాథ్ సిల్లా మీద సమగ్ర గ్రంథం రాస్తూ, చెట్లు క్షీణించడానికి పురుగు ఎక్కించే విషమే కారణమనుకున్నారు. ఆ క్షీణత ఒక అంటుతెగులని, అంటు కట్టినప్పుడు పాకుతుందని చైనాలో లిన్ 1956లో నిరూపించగా, సిల్లాయే దాన్ని వ్యాపింపజేస్తుందని భారతదేశంలో కపూర్ బృందం 1967లో తేల్చింది. అంటే శత్రువు నేరం రుజువు కావడానికి 45 ఏళ్ల ముందే మిత్రుడి పేరు గ్రంథస్థమై ఉంది. అయినా ఆ మధ్యకాలంలో నమ్మకమంతా మందుల పిచికారీ మీదికే మళ్లింది, ఆ మందులేమో సిల్లాతో పాటు కందిరీగనూ చంపాయి. ఇంత దగ్గరి మిత్రుణ్ని ఇంతకాలం పలకరించకపోవడం పరిశోధనా లోకానికి గౌరవం కాదు.

చివరికి 1978లో భారతదేశం నుంచి రీయూనియన్ ద్వీపానికి, సిల్లాను అణచేందుకు కందిరీగలు వెళ్లాయి. ఫ్లోరిడాలో 1998లో సిల్లా, 2005లో తెగులు కనిపించాక కాలిఫోర్నియా మేల్కొంది. ఫైసలాబాద్‌గా పేరు మారిన లయల్‌పూర్ తోటల నుంచే కీటక శాస్త్రవేత్త హాడిల్ తెచ్చిన కందిరీగలను 2011 డిసెంబరులో అక్కడి రివర్‌సైడ్‌లో తొలిసారి వదిలారు. పెంపక గృహాల్లో అంతటి సేవ చేసిన కరివేపాకు మొక్కను మాత్రం, సిల్లా నిర్బంధ ప్రాంతాల్లో ఉన్న ఇళ్లవారు పెరటి నుంచి వేరే చోటికి తరలించడానికి ఆంక్షలున్నాయి.